మూడేళ్ల ఎర్రమ్మ

వాళ్ల తండాలో మొదటి ఆఫీసు ఉద్యోగం సక్రిదే. ఖమ్మంలో టైపు, కంప్యూటరు నేర్చుకుని, తొంభై ఆరులో అడవి అంచునున్న ఓ మండలాఫీసులో డేటా ఎంట్రీ ఆపరేటరుగా చేరింది. కంప్యూటరు గదిలోకి చెప్పులతో రానిచ్చేవారు కాదు. సూపరింటెండెంటు వెంకటనారాయణ పొద్దున్నే ఆ మిషనుకు దండం పెట్టుకుని గాని తన కుర్చీలో కూర్చునేవాడు కాదు.

ఇంటింటి సర్వే కాగితాలు చూసి పేర్లు కొడుతుండగా ఎర్రమ్మ అనే ముసలమ్మ వంతు వచ్చింది. వయసు నూటమూడు. ఆ గడిలో రెండంకెలే పడతాయి. మిషను ముందున్న ఒకటిని మింగేసి మూడేళ్లని చూపించింది.

"సార్, నూటమూడు తీసుకుంటలేదు. తొంభై తొమ్మిదని కొట్టనా?"

"దొంగలెక్క రాస్తవా? అదేం చూపిస్తే అదే ఉంచు. మిషను అబద్ధమాడదమ్మా."

నెల తిరక్కుండానే బాల్వాడీ టీచరు ప్రమీలారాణి ఎర్రమ్మ గడపలో నిలబడింది.

"ఎర్రమ్మ పాప ఏది?"

"నేనే ఎర్రమ్మను. ఏంది బిడ్డా?"

ప్రమీలారాణి చేతిలో ఉన్న కాగితం మళ్లీ చూసుకుంది. జాబితాలో ఉన్న పిల్ల రాకపోతే పైవాళ్లు ఊరుకోరు. బతిమాలి తీసుకెళ్లింది. ఎర్రమ్మ కర్ర పక్కన పెట్టి, పిల్లల మధ్య బాసింపట్టు వేసుకుని ఉప్మా తిన్నది. తూకం వేస్తే వయసుకు మించిన బరువని తేలింది. ఆ సంగతీ సక్రే కొట్టాల్సి వచ్చింది.

మనసొప్పక ఓ ఆదివారం సక్రి వెతుక్కుంటూ వెళ్లింది. "అవ్వా, తప్పు పడ్డది. అర్జీ పెడితే మారుస్తరు."

"వద్దు బిడ్డా. ఇంట్ల నన్ను పలకరించేటోళ్లు లేరు. ఆడైతే తినబెట్టి, పాట పాడి పండబెడతరు."

రెండేళ్ల తర్వాత ఎర్రమ్మ నిద్రలోనే పోయింది. కారణం గడిలో సక్రి ముసలితనమని కొట్టింది. వెంటనే జిల్లా నుంచి ఓ అధికారి జీపులో దిగాడు.

"ఐదేళ్ల పిల్లకు ముసలితనమేంది?"

సక్రి ఆయన్ని ఎర్రమ్మ ఇంటికి నడిపించింది. వాకిట్లో డెబ్భై దాటిన కొడుకు పిచ్చయ్య గుండుతో కూర్చుని ఉన్నాడు.

"ఈయన ఆమె కొడుకు సార్."

అధికారి పిచ్చయ్యను తేరిపార చూసి, గడ్డం గోక్కుని, తల్లికి ఐదేళ్లే కాబట్టి కొడుకు వయసులో ఎక్కడో పొరపాటుందని రాసుకుని జీపెక్కాడు.

వారానికి పిచ్చయ్య వయసు సరిచేయమని కాగితం వచ్చింది. సక్రి దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దూర్చి, పక్క ఊరి పేర్లు కొట్టసాగింది.