సిఫారసు లేఖకు ముందు ఒక ఉదయం

శిష్యులు తమ గురించి తామే రాసుకొచ్చిన ప్రశంసల కింద పెద్దలు సంతకం చేసి పంపడం మా వైద్య వృత్తిలో ఒక ఆనవాయితీ. నేను ఏనాడూ ఆ పని చేయలేదు. ఉద్యోగ విరమణ తరువాత, చిక్కడపల్లిలోని మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, నారాయణగూడలో ఒక చిన్న పిల్లల ఆసుపత్రికి వెళ్లి రౌండ్లు చూసేదాన్ని. 2012లో ఒక బుధవారం నాడు అక్కడ పనిచేసే యువ వైద్యురాలు అటువంటి లేఖతోనే నా గదికి వచ్చింది.

తెలంగాణ పల్లె నుంచి వచ్చి, పిల్లల వైద్యంలో పట్టా పుచ్చుకుని, అశోక్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌లో ఉండేది. పిల్లల క్యాన్సర్, రక్త వ్యాధుల చికిత్సలో రెండేళ్ల ఫెలోషిప్ శిక్షణకు దరఖాస్తు చేస్తోంది. వేరే రాష్ట్రంలోని పెద్ద ఆసుపత్రి, సీట్లు రెండే. శుక్రవారంలోగా నా సిఫారసు లేఖ కొరియర్‌లో బయలుదేరాలి. క్రితం ఏడు ప్రయత్నించి ఇంటర్వ్యూ దాకా కూడా వెళ్లలేకపోయింది. ఈసారీ రాకపోతే సొంత ఊళ్లో క్లినిక్ పెట్టించాలని ఇంట్లో ఖాయం చేశారట.

లేఖ రెండు పేజీలు. ఉపోద్ఘాతం, ఉపశీర్షికలు, ముగింపు. ఆమెకు పాలనా దక్షత ఉన్నదనీ, సామాజిక న్యాయం పట్ల నిబద్ధత ఉన్నదనీ నేను ధ్రువీకరిస్తున్నట్లు అందులో ఉంది.

"ఇది ఎవరు రాశారమ్మా?"

"మా రూమ్‌ల అక్కలు, మేడమ్. గ్రూప్ వన్‌కు చదువుతున్నరు. ఇంగ్లిష్ మంచిగ రాస్తరు."

"నిన్ను డాక్టరుగా పంపాలా, కలెక్టరుగా పంపాలా?"

"వాళ్లకు అదే అలవాటు మేడమ్. ఎవరి గురించి రాసినా గట్లనే రాస్తరు."

నవ్వు వచ్చింది గాని బయటపడనివ్వలేదు. "నేను చూసినదే రాస్తాను. రౌండ్లలో వెనక వరుసలో ఫైలు పట్టుకుని నిలబడటం తప్ప నీ పని నేను చూడలేదు. రేపు ఉదయం ఎనిమిదింటికి నీ వార్డుకు వస్తాను."

"రేపా మేడమ్? రేపు రక్తం ఎక్కించే రోజు. పిల్లలు మస్తు లొల్లి చేస్తరు."

"అందుకే వస్తాను."

ఐదు నిమిషాలు ముందే వెళ్లాను. తలసీమియా ఉన్న పిల్లలు వరుసగా మంచాల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ల శరీరం సరిపడా రక్తం తయారుచేసుకోలేదు. మూడు వారాలకు ఒకసారి బయటి నుంచి ఎక్కించవలసిందే. మొదటి మంచం మీది పాపకు ఎనిమిదేళ్లు ఉంటాయి.

"ఇయ్యాల ఎడమ చెయ్యి, డాక్టరక్కా. పోయినసారి కుడి చెయ్యి అయింది. యాదికుందా?"

"యాదికుంది. ఎన్నిసార్లు?"

"రెండేసార్లు. మూడోసారి నువ్వు ముట్టుకోవద్దు."

"ముట్టుకోను."

పాప తల్లి నావైపు తిరిగి చెప్పింది. "ఇద్దరికీ ఒప్పందం మేడమ్. రెండుసార్లల్ల నరం దొరకకుంటే సిస్టర్ రావాలె."

మొదటిసారి సూది నరానికి తగల్లేదు. రెండోసారి తగిలినట్లే తగిలి జారిపోయింది. పాప కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా నన్నొకసారి ఎగాదిగా చూసి, "ఈ మేడమ్ చూస్తుందని నీకు భయమైతుందా?" అని అడిగింది.

"అయితుంది," అని ఒప్పుకుంది వైద్యురాలు.

సరిగ్గా అప్పుడే మణికట్టు పక్కన ఒక నరం చక్కగా తేలింది. నిలబడిన చోటు నుంచి నాకే కనిపించింది. ఆమెకు కనిపించకపోవడమంటూ ఉండదు. గడువు మరునాడే. లేఖ రాయవలసిన మనిషి ఎదురుగా ఉంది. ఆమె సూదిని ట్రేలో పెట్టి లేచింది.

"సిస్టర్, జర మీరు రాండ్రి."

నర్సు ఒక్క ప్రయత్నంలో ఆ నరాన్నే పట్టుకుంది.

"సిస్టర్ ఫస్ట్ క్లాస్. నువ్వు ఫెయిల్," అంది పాప.

"ఫెయిలే," అని ఆమె పాప చెయ్యి కదలకుండా పట్టుకుని, రక్తం చుక్కలుగా దిగడం మొదలయ్యే దాకా అక్కడే కూర్చుంది.

వరండాలో నా వెంట పరుగెత్తుకొచ్చింది. "మేడమ్, రోజూ ఇట్ల కాదు. మీరు నిలబడ్డరని జర తడబడ్డ."

"అది కూడా చూశాను," అని మాత్రం అని వచ్చేశాను. ఆ ఒక్క మాటతో ఆ పిల్ల ఆ రాత్రి ఎలా నిద్రపోయిందో ఆలోచించకపోవడం నా పొరపాటే.

తొమ్మిది వాక్యాలలో లేఖ ముగించాను. నా సమక్షంలో ఆమె రెండుసార్లు విఫలమైనదనీ, మూడవ అవకాశం కళ్లెదుట ఉన్నా బిడ్డకు ఇచ్చిన మాట కోసం సూది మరొకరికి అప్పగించినదనీ రాశాను. ఆ స్థానంలో నేనైతే ప్రయత్నించి ఉండేదాన్ననీ, అది తప్పయ్యేదనీ కూడా రాశాను. కవరు అంటించి, అతుకు మీద అడ్డంగా సంతకం పెట్టి మరునాడు ఆమెకు ఇచ్చాను. ఆమె దాన్ని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఆడించింది.

"ఏమిటది?"

"బరువు చూస్తున్న మేడమ్. ఒక్క కాగితమేనా? అక్కలది రెండు పేజీలుండె."

ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. వెళ్లి వచ్చిన రోజు ఆమె నేరుగా నా గదికే వచ్చి గుమ్మంలో నిలబడి అడిగింది. "మేడమ్, నేను ఫెయిలయిన్నని రాసిండ్రా?"

"రాశాను."

"అందరు అదే అడిగిండ్రు! మూడోసారి ఎందుకు గుచ్చలేదని ఒక పెద్దసారు రెండుసార్లు అడిగిండు."

"ఏమి చెప్పావు?"

"గుచ్చితే ఆ పూటకు రక్తం ఎక్కుతది సార్, కని మల్ల వచ్చినప్పుడు పాప చెయ్యి ఇయ్యదు, ఇంక ఎన్నో ఏండ్లు రావాలె కదా అన్న. ఆయన రాసుకుండు."

పది రోజులకు ఎంపిక పత్రం వచ్చింది. ఆమె దాన్ని నా బల్ల మీద పెట్టింది. పేరు అక్షరక్రమం, చేరవలసిన తేదీ, తీసుకువెళ్లవలసిన సర్టిఫికెట్ల జాబితా వరుసగా సరిచూశాను. దోషమేమీ కనిపించలేదు. తలెత్తేసరికి ఆమె ఇంకా నిలబడే ఉంది. శిష్యులను నా ఎదుట కూర్చోమనడం నా పద్ధతి కాదు. ఆనాడు కుర్చీ చూపించి, టీ తెప్పించాను.

"మా హాస్టల్‌ల మొదటి రిజల్ట్ నాదే మేడమ్," అంది, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని. "అక్కల నోటిఫికేషనే ఇంక రాలే. అయినా పొద్దుగాల నుంచి బిల్డింగంత ఒకటే డాన్సు. వార్డెన్ వచ్చి తిట్టి, ఆమె గూడ రెండు స్టెప్పులేసింది."

అంత బిగ్గరగా మాట్లాడవద్దని చెప్పబోయి, ఆమె టీ పూర్తయ్యే వరకు వింటూ కూర్చున్నాను.