టికెట్ లేకుండా ఎక్కిన బస్సు

మీ అమ్మ ఫోన్ చేసేసరికి నేను బ్లాక్‌టౌన్ ఇంట్లో మినప్పప్పు కడుగుతున్నాను. పెద్దోడా, నువ్వింకా పుట్టలేదు. చిట్టీ, నీ ఊసే లేదు. నొప్పులు మొదలయ్యాయనీ, దగ్గరదగ్గరగా వచ్చేదాకా ఇంట్లోనే ఉండమని ఆసుపత్రివాళ్ళు అన్నారనీ చెప్పింది.

"కంగారు పడకమ్మా, ఐ యామ్ ఓకే. మెల్లగా రండి."

ఆ మాట చివర అది ఊపిరి బిగబట్టడం నాకు వినబడింది.

మీ నాన్న మెల్‌బోర్న్‌లో ఉన్నాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పుతాయని ఊరంతా బెంగపడుతున్న రోజులవి. ఆఫీసులో ఏవో వైటూకే పరీక్షలు జరుగుతున్నాయి, గది దాటి రానివ్వరు. మీ అమ్మ కటూంబాలో, కొండమీద, ఒక్కతే. అక్కడ పొద్దుటి నుంచీ మంచు కురుస్తోంది.

తాతయ్యా నేనూ రైలెక్కాం. కొండ ఎక్కకముందే, పెన్‌రిత్‌లో రైలాపి అందర్నీ దించేశారు. పైన చెట్లు విరిగి కరెంటు తీగల మీద పడ్డాయట, ఇక రైళ్ళు లేవు. బయట బస్సులు పెట్టామని, అదే టికెట్ చెల్లుతుందని మైకులో చెబుతున్నారు. నాకు అర్థమైన ఇంగ్లీషు ఆ కాస్తే, అయినా అది చాలు. గబగబా బయటికి నడిచాను. తిరిగి చూస్తే ఆయన లేరు.

మీ తాతయ్య రాజమండ్రిలో టీసీగా రిటైరయ్యారు. టికెట్ లేనివాళ్ళని దించడమే ఆయన బతుకంతా. రైలు రద్దయితే కౌంటర్‌లో టికెట్ మీద రాయించుకున్నాకే అడుగు కదపాలని ఆయన నమ్మకం. మా రెండు టికెట్లూ పట్టుకుని క్యూలో నిలబడ్డారు. ముందు చాలామంది ఉన్నారు, డబ్బు వాపసు కావాలని గొడవపడుతున్నారు.

మైకులో చెబుతున్నారు కదా, రండి అని బతిమాలాను.

"మైకు మాట సాక్ష్యమా ఏంటే? బస్సులో ఎవడైనా ఆపి అడిగితే తలెక్కడ పెట్టుకోను?"

"అక్కడ పిల్ల ఒక్కతే ఉందండీ."

"నాకు తెలీదా? ఒక్క నిమిషం ఉండు."

భయమేసినకొద్దీ ఆయన రూలుని ఇంకా గట్టిగా పట్టుకుంటారు. అది నాకు తెలుసు కాబట్టి కోపం కూడా రాలేదు. చివరికి ఆయన వంతు వచ్చింది. కౌంటర్ కిటికీ వెనక అమ్మాయి అక్కర్లేదని చెయ్యూపుతోంది. ఈయన, ఆ ముక్కే రాసిమ్మని అడుగుతున్నారు.

ఇంతలో బస్సు డ్రైవరు తలుపులోంచి కేకేశాడు. పైన రోడ్డు మూసేసేలా ఉన్నారు, దీని తర్వాత ఇంకొకటి ఉంటుందో లేదో చెప్పలేనన్నాడు.

ఆయనతో కాపురం చేసినన్నాళ్ళూ టికెట్ ఎప్పుడూ నా చేతికి రాలేదు. ఇప్పుడూ ఆయన దగ్గరే ఉంది. ఆయన వైపు ఒకసారి చూశాను. కిటికీలోకి వంగి మాట్లాడుతున్నారు. నేను వెళ్ళి బస్సెక్కేశాను.

దారంతా ఎవరో ఒకరు వచ్చి టికెట్ అడుగుతారని కొంగు బిగించి కూర్చున్నాను. టీసీ పెళ్ళాం టికెట్ లేకుండా దొరికిందంటే ఏం చెప్పుకోను? ఎవరూ అడగలేదు. కిటికీ అద్దం తెల్లబడిపోయింది. బస్సు ఆగినప్పుడల్లా రోడ్డు మూసేశారేమో, వెనక్కి తిప్పుతారేమో అని ఒకటే భయం. ముందు సీటు పట్టుకుని, పద నాయనా పద, అని గొణుక్కుంటూనే ఉన్నాను.

కటూంబాలో దిగి, మంచులో జారుతూ ఇంటికి చేరేసరికి మీ అమ్మ తలుపు దగ్గరే నిలబడి ఉంది, గోడకి చెయ్యి ఆనించి. టాక్సీలు రావడం లేదట. అంబులెన్సు ఎక్కడో చిక్కుకుందట. ఆసుపత్రి వీధి చివరే, కానీ ఆ జారుడులో ఒక్కతే నడవడానికి భయపడి ఆగిపోయింది.

నా వెనక్కి చూసి, "నాన్న ఏరి?" అంది.

"వస్తారు. నువ్వు నడు."

ఆయన ఆ స్టేషన్‌లోనే చిక్కుకుపోయారని, మా బస్సు దాటాక రోడ్డు మూసేశారని నాకు తర్వాత తెలిసింది. అప్పటికి ఏమీ తెలియదు. దాన్ని నడుం చుట్టూ పట్టుకుని మెట్లు దిగాను. నొప్పి వచ్చినప్పుడల్లా ఆగి నా భుజం మీద వాలిపోయేది. తగ్గగానే మళ్ళీ నాలుగడుగులు. ఆసుపత్రి దీపాలు కనబడుతూనే ఉన్నాయి, దగ్గరవడం లేదు. పడితే ముందు నేను పడాలి, దాని కింద నేనుండాలి అని ఒక్కటే ఆలోచన. ఆయన ఎలా ఉన్నారో అన్నది పెద్దోడా, ఆసుపత్రిలో నువ్వు పుట్టి ఏడ్చాకే గుర్తొచ్చింది నాకు.