కుర్చీల్లో కూర్చున్న బ్యాండు

మా పెళ్లికి వచ్చిన బ్యాండును నేను చూడలేదు. విన్నాను, అంతే.

మా వాళ్లంతా బ్యాండుతో మగపెళ్లివారికి ఎదురు వెళ్లి, పానకం ఇచ్చి, పెళ్లికొడుకుని మండపానికి తీసుకొస్తున్నారు. మా వైపు దాన్ని ఎదురుసన్నాహం అంటారు. బోర్డరు దాటి తెలంగాణలోకి వెళ్తే ఎదురుకోళ్లంటారు. ఏ పేరు పెట్టినా పెళ్లికూతురికి మాత్రం అందులో చోటు లేదు. ఆ సమయానికి ఆమె గౌరీపూజలో ఉండాలి. నేనూ వెనక గదిలో పీట మీద కూర్చుని ఉన్నాను. కిటికీ ఎక్కడో పైన ఉంది. క్లారినెట్ మా వీధి మలుపు తిరిగింది. పెద్ద డ్రమ్ము దెబ్బ దెబ్బకీ దగ్గరికి వస్తోంది. ఒక్కసారి లేచి చూద్దామని కదిలానో లేదో, పక్కనే కూర్చున్న మా మేనత్త నా భుజం నొక్కి పట్టుకుంది.

"కదలమాకే, పూజలో ఉన్నావ్" అంది.

ఊరందరికీ కనబడి, పెళ్లికూతురికి మాత్రం కనబడని బ్యాండు అది. ఆ కోపంతోనో ఏమో, ఆ రోజు నుంచీ అదే నా అభిమాన బ్యాండు అయిపోయింది. జనానికి జుట్టు పెంచుకుని గిటార్లు వాయించే బ్యాండ్లంటే ఇష్టం. నా బ్యాండు వాళ్లది వీరులపాడు వైపు ఒక ఊరు. ఎర్ర కోట్లు, భుజాల మీద బంగారు రంగు కుచ్చులు. పత్తి, మిర్చి పనులున్నప్పుడు పొలాల్లో ఉంటారు. క్రిస్మస్‌కి వాళ్ల చర్చి వీధుల్లో వాయిస్తారు, మాఘం వస్తే మా పెళ్లిళ్లకు వాయిస్తారు. క్లారినెట్ వాయించే ఆయనే మాస్టారు. మా పెళ్లప్పుడు కుర్రాడట. ఇప్పుడు మీసానికి రంగు వేస్తున్నాడు, జుట్టుని మాత్రం దేవుడికి వదిలేశాడు.

జగ్గయ్యపేటలో గానీ నందిగామలో గానీ ఆ క్లారినెట్ వినబడితే, చేతిలో కూరల సంచీతో సహా రోడ్డు పక్కన నిలబడిపోవడం నాకు అలవాటు. ఒకసారి నేను పాఠాలు చెప్పే బడికి వెళ్తూ చిల్లకల్లు దగ్గర బస్సు కూడా దిగేశాను. ఆలస్యమెందుకైందని హెడ్మాస్టరు అడిగితే పెళ్లి ఊరేగింపు అడ్డొచ్చిందని చెప్పాను. అడ్డొచ్చింది వాళ్లు కాదు, నేనే వాళ్లకి అడ్డం నిలబడ్డాను. అయినా ఎప్పుడు చూసినా పక్క నుంచి, జనం భుజాల మీంచి, దుమ్ములో కాసేపు చూడటమే. పిలవని పెళ్లిలో అంతకంటే ఎవరు చూడనిస్తారు?

ఇంతలో డీజేలొచ్చాయి. ఆ స్పీకరు డబ్బాల బండి మా వీధిలోంచి వెళ్తుంటే వంటింట్లో స్టీలు గ్లాసులు వాటంతటవే నడుస్తాయి. దాన్ని పాట అనేవాళ్లతో నేను మాట్లాడను. మాట్లాడినా వాళ్లకి వినబడదు లెండి.

మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది. వచ్చే మాఘంలో పెళ్లి. సంబంధం కుదిరిన వారానికే ఫోన్లో డీజే పేరు చెప్పింది. మా ఆయన సంగతి తెలిసిందే, కూతురు తానా అంటే తందానా.

"మన ఇంటి ముందు ఆ బండి ఆగితే నేను పుట్టింటికి పోతా" అన్నాను.

"నీ పుట్టిల్లు పక్కవీధేగా అమ్మా! అక్కడికీ వినపడుద్ది" అంది.

వాదనలో నన్ను ఎప్పుడూ గెలవనివ్వదు. టీచరు కూతురు కదా. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. నందిగామలో ఒక కాలేజీ పాత విద్యార్థులు గ్రౌండులో సాయంత్రం సభ పెట్టుకుని, అందులో మన బ్యాండు కచేరీ ఏర్పాటు చేశారు. రోడ్డు మీద కాదు, స్టేజీ మీద! అమ్మాయి ఆ శనివారం వచ్చి చూస్తుంది. నచ్చితే పెళ్లికి బ్యాండు. నచ్చకపోతే డీజే, నేను ఇంక నోరెత్తకూడదు. మా ఆయన్ని సాక్షిగా పెట్టాం. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టు ఇద్దరికీ తలూపాడు.

మేము వెళ్లేసరికి ఇంకా ఎండ పూర్తిగా పోలేదు. గ్రౌండుకి ఒక పక్క స్టేజీ, రెండో పక్క గోడ దగ్గర మిరపకాయ బజ్జీల బండి. మధ్యలో కుర్చీలు. పాత విద్యార్థులంతా పొట్టలు సర్దుకుంటూ ఒకరినొకరు గుర్తుపట్టుకుంటున్నారు. రోడ్డు పక్కన నిలబడే నన్ను ఎన్నోసార్లు చూసిన మాస్టారు గుర్తుపట్టి స్టేజీ పక్క నుంచి గబగబా వచ్చాడు. కోటు ఇస్త్రీ చేయించాడు. బూట్లు మెరుస్తున్నాయి.

"టీచరు గారండీ, ఇయ్యాల చూడండి మా దర్జా! కుర్చీలు కావాలని మేమే అడిగామండీ" అన్నాడు.

స్టేజీ మీద తెల్ల గుడ్డలు తొడిగిన కుర్చీలు వరసగా ఉన్నాయి.

"పుట్టిన కాడ్నించీ నడుస్తానే వాయించాం. ఊరేగింపులో మమ్మల్నెవరు చూస్తారండీ, పెళ్లికొడుకుని చూస్తారు గానీ. ఈ ఒక్కరోజన్నా పెద్ద కచేరీ వాళ్లకి మల్లే కూర్చుని వాయిద్దామని మావాళ్లందరికీ ఆశ."

నాకు చాలా సంతోషమైంది. కూర్చోవాల్సిందే! ఇన్నేళ్లు నడిచిన కాళ్లు. ఇక నేనూ ఇవాళ హాయిగా కూర్చుని, ఎవరి భుజమూ అడ్డం లేకుండా నా బ్యాండును మొదటి నుంచి చివరిదాకా చూడబోతున్నాను. ముందు వరసలో సీటు పట్టుకుని మా అమ్మాయి వైపు గర్వంగా చూశాను.

మొదలుపెట్టారు. కాసేపటికే ఏదో తేడా కొట్టింది.

పాట అదే. స్వరాలూ అవే. కానీ పాట లేచి నిలబడటం లేదు. పెద్ద డ్రమ్మును ఒళ్లో పెట్టుకుని ఎటు కొట్టాలో తెలియక దాన్ని వాయించే పెద్దాయన అవస్థ పడుతున్నాడు. సైడు డ్రమ్ములు ముందుకు పరిగెడుతున్నాయి, ట్రంపెట్లు వెనకబడుతున్నాయి, మాస్టారు మధ్యలో రెండువైపులా కళ్లతో బతిమాలుతున్నాడు. కూర్చుంటే కోట్లు పొట్టల దగ్గర ముడతలు పడ్డాయి. వెనక వరసల్లో ఫోన్లు బయటికి వచ్చాయి. మా పక్కనున్న పాత విద్యార్థులు ఎవరికి షుగరు ఎంతుందో చెప్పుకోవడం మొదలుపెట్టారు.

మా అమ్మాయి నవ్వి ఉంటే బాగుండేది, పోట్లాడేదాన్ని. అది నవ్వలేదు. నా చెయ్యి మీద చెయ్యి వేసి, "బాగానే ఉందమ్మా" అంది.

ఆ 'బాగానే' నాకు తెలుసు. పాస్ మార్కులు వచ్చిన పిల్లల తల్లిదండ్రులకి ఎన్నేళ్లుగానో నేను చెప్తున్న మాటే అది. నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గెందుకు, నిజంగానే వచ్చింది. డీజే వస్తుందని కాదు. ఇన్నేళ్లు నేను వీధుల్లో నిలబడి విన్నది ఇదేనా అని నా కూతురు అనుకుంటుందని. మా ఆయన ఏమీ తెలియనట్టు ఆకాశంలోకి చూస్తున్నాడు.

రెండో పాట మధ్యలో అమ్మాయి లేచింది.

"బజ్జీలు తెస్తా. నాన్నకి కూడానా?"

బజ్జీల బండికి వెళ్లాలంటే స్టేజీ ముందు నుంచే దారి. అది నడుచుకుంటూ వెళ్తోంది. జీన్సు ప్యాంటు, చేతిలో ఫోను, దాని ధోరణి దానిది. పెద్ద డ్రమ్ము ఆయన చూపు దాని మీద పడింది. ఆయన ఏమీ ఆలోచించలేదు. జీవితమంతా ముందు నడిచే మనిషి వీపు చూస్తూ కొట్టిన చెయ్యి అది. డ్రమ్ము దెబ్బ వెళ్లి మా అమ్మాయి అడుగు మీద పడింది. ఆ వెంటనే సైడు డ్రమ్ములు సర్దుకున్నాయి. ట్రంపెట్లు అందుకున్నాయి. చతికిలబడ్డ పాట లేచి నడక మొదలుపెట్టింది.

నేను మా ఆయన మోచేతి మీద గట్టిగా గిల్లాను. ఆయనకి ఎందుకో అర్థం కాలేదు.

అమ్మాయి బండి దగ్గర ఆగింది. పాట మళ్లీ కూలబడింది. పొట్లం తీసుకుని వెనక్కి బయల్దేరింది. పాట మళ్లీ లేచింది. స్టేజీకి ఎదురుగా వచ్చాక ఆగలేక ఒక బజ్జీ తీసి కొరికింది. పెద్ద డ్రమ్ము ఆయన కర్ర పైకెత్తి అలాగే ఉండిపోయాడు.

అప్పుడు దానికి అనుమానమొచ్చింది. స్టేజీ వైపు చూసింది. మెల్లగా ఒక అడుగు వేసింది. ఢమ్! ఇంకో అడుగు వేసింది. ఢమ్! నోటినిండా బజ్జీతో పకపకా నవ్వింది. నాలుగు అడుగులు గబగబా వేసింది, డ్రమ్ములన్నీ గబగబా దాని వెంట పడ్డాయి. షుగరు గురించి మాట్లాడుకుంటున్న వాళ్లు మాట ఆపేశారు. వెనక నుంచి ఎవరో ఈల వేశారు.

మాస్టారు లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది, తిరిగి చూడలేదు. ఒక్కొక్కరే లేచారు. పెద్ద డ్రమ్మును మెడకి తగిలించుకుని ఆ పెద్దాయన ముందుగా మెట్లు దిగాడు. మైకుల వాళ్లు "మాస్టారూ, మైకులండీ!" అని అరుస్తున్నారు. మైకులెవరికి కావాలి!

అమ్మాయి కంగారుగా మా వైపు వస్తోంది, బ్యాండు మొత్తం దాని వెనకే వస్తోంది.

"అమ్మా, వీళ్లు నా వెనకే వస్తున్నారు!"

"నడువు మరి! నువ్వాగితే పాట ఆగిపోద్ది!" అని అరిచాను. క్లాసులో కూడా అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు.

అది నడిచింది. కుర్చీల చుట్టూ, గోడ పక్కగా, బజ్జీల బండి ముందు నుంచి గ్రౌండంతా తిప్పింది. పాత విద్యార్థులు పొట్టల సంగతి మర్చిపోయి వెంట కదిలారు. రోడ్డు మీద పోయేవాళ్లు గేటులోంచి లోపలికి వచ్చారు. మా సాక్షిగారు, అంటే మా ఆయన, చెప్పులు చేత్తో పట్టుకుని గంతులు వేస్తున్నాడు. ఎవరి పక్షాన అని నేను అడగలేదు.

నేనూ పరిగెత్తాను. మొదట పక్క నుంచే పరిగెత్తాను, అలవాటు కొద్దీ. తర్వాత తట్టింది, ఇవాళ నన్ను ఆపేవాళ్లెవరు? జనాన్ని దాటుకుని ముందుకు వెళ్లి, అమ్మాయి పక్కన చేరి, వెనక్కి తిరిగి, వెనక్కే నడుస్తూ చూశాను. మాస్టారు బుగ్గలు ఉబ్బి ఉన్నాయి. చెమటకి మీసం రంగు పెదవి మీదికి కారుతోంది. క్లారినెట్ సూటిగా నా మీదికే వస్తోంది. వెనక గదిలో కూర్చుని గోడలోంచి విన్నదంతా ఇన్నేళ్లకి ఎదురుగా నడిచి వచ్చింది. మళ్లీ ఏడ్చాను. ఈసారి ఆనందంతో.

అంతా అయ్యాక స్టేజీ మీద లైట్ల కింద తెల్ల కుర్చీలు ఖాళీగా మిగిలాయి. మాస్టారు ఆయాసపడుతూ వచ్చాడు.

"కుర్చీల మోజు తీరిందండీ" అని నవ్వాడు.

ఒప్పందం గుర్తుంది కాబట్టి నేను నోరు మెదపలేదు. అమ్మాయి చల్లారిన బజ్జీ తింటూ నన్ను అడిగింది.

"మీ పెళ్లిలో వీళ్లొస్తుంటే నువ్వెక్కడున్నావమ్మా?"

"వెనక గదిలో. గౌరీపూజలో."

"అసలు బయటికే రాలేదా?"

"మా మేనత్త రానివ్వలేదు."

అమ్మాయి చెయ్యి తుడుచుకుని మాస్టారు వైపు తిరిగింది.

"మా పెళ్లికి మీరే రావాలండీ. కానీ ఒక కండిషన్. నా గౌరీపూజ నేను ముందే చేసేసుకుంటా. ఎదురుసన్నాహానికి మీ ముందు నేనే నడుస్తా."

మాస్టారు నా వైపు చూశాడు. మా ఆయనా నా వైపే చూశాడు. పంతులుగారు ఏమంటారు, వియ్యపురాలు ఏమంటుంది, అన్నీ ఒక్కసారి తలలో తిరిగాయి.

"నువ్వొక్కదానివే కాదు. పక్కన నేనూ ఉంటా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే పక్కవీధికి వెళ్లి మా మేనత్తకి చెప్పాను. మా పుట్టింట్లో అందరికంటే పెద్దది ఆవిడే. ఎవరో చెప్పగా వినేకంటే నా నోటి నుంచే వింటే మంచిది, తిట్టినా నన్నే తిడుతుంది.

"చోద్యం! పెళ్లికూతురు బ్యాండు ముందు నడవటమేంటే!" అంది. తిట్లు మొదలవుతాయని కాచుకుని కూర్చున్నాను. ఆవిడ మోకాళ్లు రాసుకుంటూ గుమ్మం వైపు చూసింది.

"ఆ రోజు నీ భుజం పట్టుకుని నీ పక్కనే కూర్చున్నా కదే. నేను మాత్రం చూశానా? నా పెళ్లికీ మేళం వచ్చింది. అదీ చూళ్లేదు." ఆగి, "నన్నూ తీసుకుపోండి ముందుకి" అంది.

మాస్టారికి ఫోన్ చేశాను. ముందు ముగ్గురం నడుస్తామని, మా మేనత్తకి మోకాళ్ల నొప్పులని, ఈసారి కొంచెం నెమ్మదిగా వాయించాలని పెద్ద డ్రమ్ము ఆయనకి చెప్పమన్నాను.

"ఆయనకి చెప్పేదేముందండీ" అన్నాడు మాస్టారు. "ఆ పెద్దావిడ ఎంత నెమ్మదిగా నడిస్తే మేమూ అంతే."