అడగకుండా ఎక్కిన బండి

కొన్నేళ్ల క్రితం మా ఆయన కంపెనీ పని మీద మెక్సికో వెళుతుంటే నేనూ బయల్దేరాను. పని అయ్యాక మజత్లాన్ అనే సముద్రతీర నగరంలో ఆగాం. అక్కడ తలుపుల్లేని చిన్న టాక్సీలు తిరుగుతాయి. సాయంత్రం తీరం రోడ్డు మీద అలాంటిదొకటి మా ముందు ఆగింది. లోపల ఒక పెద్దావిడ, ఆవిడ కూతురు ఉన్నారు. మా రాయ్‌పూర్‌లో టాటీబంధ్ వైపు వెళ్లే షేర్ ఆటోలు ఎక్కే అలవాటున్నదాన్ని, “థోడా సరకియే” అని హిందీలోనే జరగమంటూ వాళ్ల పక్కన కూర్చున్నాను. వాళ్లు నవ్వుతూ జరిగారు. బండి కదిలింది. నా ఫోనుతో సముద్రాన్ని ఫొటోలు తీస్తున్న మా ఆయన రోడ్డు మీదే ఉండిపోయారు.

“రోకో భయ్యా, మా ఆయన ఎక్కలేదు” అని అరిచాను. డ్రైవర్ పాట వింటూ తలూపాడు.

హోటల్ పేరు పలకడానికి కూడా నాకు నోరు తిరగదు. భయంతో వణుకుతుంటే పెద్దావిడ తన శాలువా సగం నాకు కప్పింది. పక్కనే సముద్రం గులాబీ రంగులో ఊగుతోంది. ఆ సముద్రపు గాలికి నా భయం కూడా కునుకు తీసినట్టయింది.

వాళ్ల ఇంటి ముందు ఆగాక తెలిసింది, అది వాళ్లు తమ కోసమే మాట్లాడుకున్న బండి అని. సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆయన వెనకే ఉండిపోయారన్న నా సైగలు చూసి పగలబడి నవ్విన పెద్దావిడ, నాతోపాటు మళ్లీ బండెక్కి వెనక్కి వచ్చింది. మా ఆయన అక్కడే, పాలిపోయిన మొహంతో నిలబడి ఉన్నారు.

“ఎవరి బండో ఎక్కేస్తావా?”

“మీరెందుకు ఎక్కలేదు మరి?”

“నన్ను పిలిచావా అసలు?”

ఇప్పటికీ ఆ రోడ్డు కలలోకి వస్తుంటుంది. మెలకువ వచ్చాక కాసేపు ఆయనతో మాట్లాడను, మళ్లీ ఆ పోట్లాటలో పడితే కలలోని ఆ గాలి పోతుందని.