కాళ్లకని చెప్పి తెచ్చిన మందు

"కింద దురదగా ఉండాది పాపా. మందు తీస్కరా. కాళ్లకని చెప్పు." మా అమ్మ తన జబ్బు గురించి నాతో మొదట అన్న మాట ఇది.

రాయదుర్గంలో మా వీధి చివర మందుల షాపాయన మాకు వరసకు అన్న. ఆయనతో, అరవై ఎనిమిదేళ్ల మా అమ్మకు అక్కడ దురద అని ఎట్లా చెప్పేది? ఊర్లో నా నోటికి జడవని వాళ్లు తక్కువ. జీన్స్ కుట్టే యూనిట్లో సూపర్‌వైజర్నే నిలబెట్టి కడిగేసేదాన్ని. ఆ షాపు ముందు మాత్రం నా నోరు పడిపోయింది.

"కాళ్లకు దురదన్నా" అన్నాను.

"నీకేనా?"

"నాకే."

ఆయన నా కాళ్ల వైపు చూడకుండానే ట్యూబు ఇచ్చాడు. పూస్తే నాలుగు రోజులు తగ్గేది. మళ్లీ వచ్చేది. మళ్లీ ట్యూబు. ఇట్లా మూడేళ్లు గడిపాం.

అమ్మ ఇంట్లో చాప మీద కూర్చుని, యూనిట్ నుంచి వచ్చిన ప్యాంట్లకు మిగులు దారాలు కత్తిరించేది. ఒకరోజు చూస్తే గోడకానుకుని నిలబడి కత్తిరిస్తోంది. నడుం నొప్పి అంది. నమ్మాను. నమ్మితే నాకు పని తప్పుతుంది, అందుకే నమ్మాను.

లంగాకు రక్తం చూశాక అనంతపురం తీసుకెళ్లాను. చర్మవ్యాధుల డాక్టరమ్మ తెర లాగి నన్నూ లోపలికి పిలిచింది. అరచేయంత మేర ఎర్రగా చెక్కుకుపోయి, మధ్యమధ్యలో తెల్లటి పొరలు. కన్నతల్లి ఇంత నరకం పడుతుంటే పక్కగదిలో అన్నం తిని పడుకున్నాను నేను. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

"ఇది తామర కాదమ్మా" అంది డాక్టరమ్మ, రిపోర్టు వచ్చాక. "పెద్ద వయసు ఆడవాళ్లకు ఎప్పుడో అరుదుగా వచ్చే చర్మం క్యాన్సర్. చూసేకి తామర మాదిరే ఉంటుంది. పైచర్మంలో ఉన్నప్పుడే మీరు వచ్చింటే కోసి తీసేసేవాళ్లం. ఇప్పుడు లోపలికి దిగింది. తొడ మొదట్లో గడ్డలు కూడా ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆ ట్యూబు ఎవరిచ్చినారు?"

"నేనే తెప్పించుకున్న్యా. పాపకేం తెలీదు" అంది అమ్మ.

బెంగళూరులో ఆపరేషన్ చేశారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. ఒంటేలుకు పోవాలంటే అమ్మ గోడ పట్టుకుని ఏడ్చేది. ఎనిమిది నెలలకు పోయింది. ఏం జబ్బని అడిగిన వాళ్లందరికీ కడుపులో గడ్డ అని చెప్పాను.

కర్మంతరాలయ్యాక తలనొప్పి మాత్రకని ఆ షాపుకే వెళ్లాను. ఆయన పాపం, అమ్మ గురించి కాసేపు బాధపడ్డాడు. మాత్ర కాగితంలో చుడుతూ అడిగాడు.

"ట్యూబుకు రావడంల్యా ఈ మధ్య. కాళ్ల దురద తగ్గిందా పాపా?"

నిజం చెప్పాలని నోరు తెరిచాను.

"తగ్గిందన్నా" అన్నాను.