బల్ల గుద్దే మామయ్య

మా మామయ్యకు బల్ల కనిపిస్తే చాలు, మోగించకుండా ఉండలేడు. సాయంత్రాలు ఒక టైలరు కొట్టు పైగదిలో స్పానిష్ నేర్పేవాడు. క్రియాపదాన్ని ముక్కలు చేసి, ముక్కకో వేలిదెబ్బ వేసేవాడు. నొక్కి పలకాల్సిన ముక్క మీద మాత్రం పిడిగుద్దే.

"అ-బ్లో! 'అ' మీద గుద్దితే మాట్లాడేది నేను. 'బ్లో' మీద గుద్దావో, మాట్లాడింది వేరే ఎవడో, అదీ నిన్న!" అనేవాడు. మేం పన్నెండుమందిమీ గుద్దేవాళ్లం. కింద టైలరు నెత్తిన సున్నం రాలేది.

"మాస్టారూ, మీ పుణ్యమా అని నిన్న చొక్కాకి మూడు చేతులు కుట్టానండీ!" అని అతను మెట్ల మీంచి మొత్తుకునేవాడు.

ఇంట్లోనూ అదే గోల.

"గుద్దకండీ, గ్లాసు పడుతుంది," అనేది అత్తయ్య.

"ప-డ-దు!" అని గుద్దేవాడు. పడేది.

ఒకసారి మోకాలు నొప్పని వెళ్లి, డాక్టరు బల్ల మీద "మో-కా-లు" వాయించాడు. మోకాలు వదిలేసి చేతికి కట్టు కట్టి పంపాడా డాక్టరు. పిచ్చి ముదిరిందని నేను అందరికీ చెప్పి నవ్వించేవాణ్ణి.

మా క్లాసులో పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే అమ్మాయి ఒకతె ఉండేది. ఆసుపత్రిలో దుబాసీ ఉద్యోగం ఆమె ఆశ. మాతో కలిసి గుద్దుతూ గలగలా చదివేది. ఆ ఉద్యోగానికి నోటి పరీక్షనాడు ఆసుపత్రి వరండాలో పలకరిస్తే, "భ... భ..." దగ్గరే ఆగిపోయి కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెకు నత్తి ఉందని నాకు అప్పుడే తెలిసింది. లోపల నోరు పెగలకపోతే ఉద్యోగం లేనట్టే.

"లోపలా బల్ల ఉంటుంది తల్లీ, మొహమాటపడకు," అన్నాడు మామయ్య.

తలుపు మూసుకుంది. చాలాసేపు చప్పుడు లేదు. మామయ్య గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. అప్పుడు లోపల రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్దది.

"అ-బ్లా-రే!"

నేను మాట్లాడతాను అని. ఆ తర్వాత ఆమె ఆగలేదు.

ఉద్యోగం వచ్చింది. ఆ కబురు చెబితే అత్తయ్య నవ్వింది.

"రెండేళ్ల కిందట మీ మామయ్యకి ఈ దరువే లేదురా. ఆ పిల్ల క్లాసులో చేరాకే మొదలు. తనొక్కతే గుద్దితే నవ్వుతారని మీ అందరిచేతా గుద్దించారు. ఊరంతా ఈయన పిచ్చి చూసి నవ్వుకుంటే, పిల్ల వంక ఎవరూ చూడరట!"

నాకు సిగ్గేసింది. మామయ్య మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. భోజనాల దగ్గర మెల్లగా అన్నాను.

"ఆ అమ్మాయి గట్టెక్కింది కదా మామయ్యా, ఇక ఈ గుద్దుడు మానెయ్యకూడదూ?"

"మా-నే-శా-ను!" అన్నాడు.

గ్లాసు పడింది.