ఎనిమిదికి ఎక్కి తొమ్మిదీ ముప్పావుకు దిగడం

నిరుడు మావారూ నేనూ సింగపూర్ చూసి తిరుపతికి తిరిగి వస్తున్నాం. టికెట్టు మీద అక్కడ బయలుదేరేది ఉదయం ఎనిమిదికి, చెన్నైలో దిగేది తొమ్మిదీ ముప్పావుకు అని ఉంది.

"షుగర్ మాత్ర ఏసుకున్నానే. ఏమన్నా తిని ఎక్కుదాం. వచ్చేటప్పుడు నాలుగ్గంటలు పట్టింది గదా" అన్నారాయన.

"అప్పుడు ఎదురుగాలి. ఇప్పుడు గంటా ముప్పావే, చిత్తూరు బస్సంత సేపు. దిగాక తిందాం. బీయస్సీ చదివినదానికి లెక్కలు చెప్పొద్దు" అన్నాను.

రెండు గంటలైనా కింద సముద్రమే. ఆయనకు చెమటలు, చేతుల వణుకు. విమానం ఆలస్యమని ఎయిర్‌హోస్టెస్‌తో తగువుకు దిగాను. ఆ తెలుగమ్మాయి ముందు ఆయనకు పళ్లరసం తాగించింది.

"ఎనిమిదనేది సింగపూర్ టైమమ్మా, తొమ్మిదీ ముప్పావు మన టైము. వాళ్ల గడియారం రెండున్నర గంటలు ముందుంటుంది" అంది.

ఆయన తేరుకుని, "యా కాలేజీలో చదివినావే?" అన్నారు.

తప్పు నాదేనన్న మాట, తిరుపతి దారిలో కారు పుత్తూరు దాటాకే నా నోట వచ్చింది. అదీ టికెట్టు అచ్చేసినవాళ్లను తిట్టడం పూర్తయ్యాకే.